పగడాలు – పోషకాల తూకం

ప్రవేశిక

ఆహారం లేకపోతే ప్రాణి బ్రతకదు. ఆహారం మితిమీరినా బ్రతకదు. ఆహారంలోని పదార్థాలు ఒకదానికొకటి పొందిక లేకుండా చేరినా బ్రతుకు కుంటుపడుతుంది. ఈ మూడు సంగతులనూ కంటికి కనబడేటట్లు తన రంగులోనే చూపే ప్రాణి పగడం. ఇంటిలోని గాజుతొట్టిలో పగడాలను పెంచేవారు తెలుసుకొన్న విషయాలు, మన తీరంలోని మన్నార్ సింధుశాఖకు ఎట్లా వర్తిస్తాయో ఈ పాఠం తెలుపుతుంది.

పాఠం

రెండు తెలుపులు

విరుదునగర్ జిల్లాలో రాజపాళయం దగ్గర ఉన్న సత్రపట్టిలో ఏ వీధిలో నడచినా మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. అక్కడ నేసేది గాయాలకు కట్టే పలుచని బ్యాండేజి బట్ట. మగ్గం నుంచి దిగినప్పుడు ఆ బట్ట పచ్చినూలు రంగులో కొంచెం మాసినట్లు ఉంటుంది. దానిని చలువ చేసిన తరువాత మల్లెపూవులా తెల్లబడుతుంది. ఆ తెలుపును చూసి ఆసుపత్రిలోని రోగికి ధైర్యం కలుగుతుంది. అక్కడ తెలుపు శుభ్రతకు గుర్తు, ఆరోగ్యానికి గుర్తు.

సత్రపట్టికి తూర్పుగా, ఆగ్నేయంగా సుమారు వంద కిలోమీటర్లు పోతే సముద్రం వస్తుంది. ఆ సముద్రంలో తూత్తుకుడి నుంచి రామేశ్వరం వరకు చిన్న చిన్న దీవులు వరుసగా ఉన్నాయి. వాటి చుట్టూ నీటి అడుగున పగడపు దిబ్బలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పగడాలు తేనెరంగులో, ఆకుపచ్చగా, ఊదాగా కనిపిస్తాయి. ఒక్కొక్క సంవత్సరం వేసవిలో అవి సున్నం పూసినట్లు తెల్లబడతాయి. ఆ తెలుపు ఆరోగ్యానికి గుర్తు కాదు. అది ఆకలికి గుర్తు. త్వరలో కోలుకోకపోతే మరణానికి గుర్తు.

బట్టను తెల్లబరచడం మనిషి చేతిలో ఉన్న పని. పగడం తెల్లబడకుండా చూడడంలో కూడా మనిషికి కొంత పాత్ర ఉన్నది. అది తెలియాలంటే ముందుగా పగడం అంటే ఏమిటో తెలియాలి.

పగడం చెట్టు కాదు, రాయి కాదు

సంస్కృతంలో ప్రవాళం, తమిళంలో పవళం, తెలుగులో పగడం. నవరత్నాలలో ఒకటిగా చెప్పే ఎర్రని పగడం వేరు, దిబ్బలు కట్టే పగడాలు వేరు. రెండూ దూరపు బంధువులు. కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది కనుక పగడాన్ని చాలాకాలం మొక్క అనుకొన్నారు. గట్టిగా ఉంటుంది కనుక కొందరు రాయి అనుకొన్నారు. 18వ శతాబ్దంలో పెయ్‌సొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు పగడం జంతువు అని చెప్పినప్పుడు పండితులు వెంటనే నమ్మలేదు. కాని ఆయన చెప్పినదే నిజం.

పగడపు కొమ్మ ఒక్క ప్రాణి కాదు. వేలకొలది చిన్న ప్రాణుల ఊరు. ఒక్కొక్క ప్రాణిని పాలిప్ అంటారు. పాలిప్ చిన్న సంచి వంటిది. దానికి ఒకే నోరు, నోటి చుట్టూ మెత్తని వేళ్ళవంటి స్పర్శకాలు ఉంటాయి. రాత్రివేళ చాలా పగడాలు ఆ స్పర్శకాలను చాచి, నీటిలో తేలే ప్లవకాలు అనే సూక్ష్మజీవులను పట్టి తింటాయి. పాలిప్‌లు తమ అడుగున సున్నపు పదార్థాన్ని పేర్చుకొంటూ పోతాయి. తరతరాలుగా పేరుకొన్న ఆ సున్నమే పగడపు దిబ్బ. దీనినే ప్రవాళ భిత్తిక అని కూడా అంటారు. సముద్రపు అడుగుభాగంలో నూటికి ఒక వంతు కంటే తక్కువ చోటును మాత్రమే ఈ దిబ్బలు ఆక్రమిస్తాయి. అయినా సముద్రజీవుల జాతులలో సుమారు నాలుగవ వంతుకు ఇవి ఏదో ఒక దశలో ఆశ్రయమిస్తాయి.

పగడపు దిబ్బలున్న నీరు చాలా చోట్ల స్ఫటికంలా తేటగా ఉంటుంది. నీరు తేటగా ఉన్నదంటే అందులో పోషక పదార్థాలు చాలా తక్కువ అని అర్థం. ఎడారివంటి అటువంటి నీటిలో ఇంత జీవరాశి ఎట్లా వర్ధిల్లుతున్నది? 1842లో పగడపు దిబ్బలను గురించి గ్రంథం వెలువరించిన చార్లెస్ డార్విన్ పేరుతోనే ఈ చిక్కుప్రశ్న ప్రసిద్ధమైనది. దానికి సమాధానం పాలిప్ శరీరంలోనే ఉన్నది.

ఒకే ఇంట రెండు కాపురాలు

పాలిప్ శరీరకణాలలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. ఒక చదరపు సెంటీమీటరు పగడంలో ఇవి పది లక్షలకు పైగా ఉండవచ్చు. పగడానికి రంగు చాలావరకు వీటివల్లనే వస్తుంది. సూర్యోదయం కాగానే ఇవి కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టి చక్కెర పదార్థాలను తయారుచేస్తాయి. అందులో ఎక్కువ భాగం పాలిప్‌కు ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో నూటికి తొంబై వంతుల దాకా ఈ విధంగా లభిస్తుంది. దీనికి బదులుగా పాలిప్ శైవలాలకు చోటు ఇస్తుంది. తాను విసర్జించే అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును ఇస్తుంది. పాలిప్‌కు వ్యర్థమైనది శైవలానికి ఎరువు. శైవలానికి మిగులు పాలిప్‌కు భోజనం. బయటినుంచి వచ్చేది కొంచెమే అయినా, ఉన్నదానిని వృథా చేయకుండా మరల మరల వాడుకోవడం వల్ల ఇల్లు నిండుగా ఉంటుంది. దీనినే సహజీవనం అంటారు.

ఈ పొందు చెడినప్పుడు పగడం తెల్లబడుతుంది. నీటి వేడి ఎక్కువైతే శైవలం పని గతి తప్పి, పాలిప్‌కు హాని చేసే పదార్థాలు పుడతాయి. అప్పుడు పాలిప్ శైవలాలను వెలుపలికి నెట్టివేస్తుంది. రంగు పోయి, పారదర్శకమైన చర్మం క్రింది సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. పగడం అప్పటికి చావలేదు. కాని దాని వంటయింటిలో పొయ్యి ఆరిపోయింది. కొద్ది వారాలలో శైవలాలు తిరిగి చేరకపోతే ఆకలితో చనిపోతుంది.

వేడి ఒక్కటే దీనికి కారణమైతే మనిషి చేయగలిగినది కొంచెమే అనిపిస్తుంది. కాని నీటిలోని పోషకాల తూకం కూడా ఇందులో చేరి ఉన్నది. ఈ సంగతిని గాజుతొట్టి బాగా బోధిస్తుంది.

గాజుతొట్టిలో సముద్రం

ఇంటిలో సముద్రజీవులను పెంచే విద్య ఒకటి ఉన్నది. 1961లో ఇండోనేషియాలోని జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తాను అనుసరించిన సులువైన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో వివరించాడు. సముద్రం నుంచి జీవులతో నిండిన రాళ్ళను తెచ్చి తొట్టిలో ఉంచడం, గాలిబుడగలతో నీటిని కదిలించడం, వెలుతురు సోకనివ్వడం – ఇవే ఆ పద్ధతిలో ముఖ్యమైనవి. రాళ్ళలోని బాక్టీరియా నీటిని శుభ్రపరచేది. ఆ తరువాతి దశాబ్దాలలో జర్మనీ, అమెరికా మొదలైన దేశాలలో పగడాల తొట్టి ఇంటింటి వ్యాసంగంగా వ్యాపించింది. అక్కడివారు ఒక తొట్టిలో పెరిగిన కొమ్మనుంచి ముక్క తుంచి మరొక తొట్టిలో నాటుతారు.

"ఇల్లు అలకగానే పండుగ కాదు" అన్నట్లు, తొట్టి నింపగానే సముద్రం కాదు. ఉప్పు, వేడి, వెలుతురు, సున్నం – అన్నీ కొలతలో ఉండాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణం ఉండాలి. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి. ఎందుకంటే నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. ఇవన్నీ నేర్చుకొన్నవారిని కూడా తికమకపెట్టేది పోషకాల లెక్క.

జమాఖర్చుల లెక్క

తొట్టిలోని చేపలకు వేసే మేతతో నత్రజని, భాస్వరం నీటిలో చేరుతాయి. ఇది జమ. తినగా మిగిలిన మేత, చేపల విసర్జనలు కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాళ్ళలోను, ఇసుకలోను ఉండే ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చుతుంది. మరొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చుతుంది. రాళ్ళ లోపల ప్రాణవాయువు అందని చోట ఇంకొక రకం బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. ఇది ఖర్చు.

భాస్వరానికి ఇటువంటి దారి లేదు. అది ఫాస్ఫేట్‌గా నీటిలో నిలుస్తుంది, రాళ్ళకు పట్టుకొంటుంది. నీటిలో తగ్గినప్పుడు రాళ్ళనుంచి మరల మెల్లగా వెలువడుతుంది. మనిషి చేతితో తీసివేస్తేనే అది బయటికి పోతుంది. అందుకు కొన్ని ఉపాయాలున్నాయి. మొదటిది, మేత మితంగా వేయడం. రెండవది, నీటిలో కొంత భాగం తీసి కొత్త నీరు పోయడం. మూడవది, స్కిమ్మర్ అనే గొట్టాన్ని అమర్చడం. బెల్లం పాకం కాచేటప్పుడు పైకి తేలిన మడ్డిని గరిటెతో తీసినట్లు, ఇది సన్నని బుడగలతో నురుగు పుట్టించి, కుళ్ళకముందే మలినాన్ని నురుగుతోపాటు తీస్తుంది. నాలుగవది, వేరొక అరలో నాచును పెంచి, కోసి పారవేయడం. ఐదవది, ఫాస్ఫేట్‌ను పీల్చుకొనే ఇనుపతుప్పు వంటి గుళికలను వాడడం.

కొత్త నీరు పోస్తే ఎంత తగ్గుతుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. లీటరుకు 0.20 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉన్న తొట్టిలో నాలుగవ వంతు నీటిని తీసి, ఫాస్ఫేట్ లేని నీరు పోస్తే 0.15 మిగులుతుంది. మరొకసారి అదే పని చేస్తే 0.11 మిగులుతుంది. నాలుగుసార్లు చేసినా సున్న కాదు, సుమారు 0.06 ఉంటుంది. రాళ్ళనుంచి వెలువడేది దీనికి అదనం. చేర్చడం ఒక్క చిటికె పని, తీయడం నెలల పని.

తక్కువైతే మంచిదా?

ఒక ఇంటిలో 200 లీటర్ల తొట్టి ఉన్నదనుకొందాం. యజమాని ముచ్చటపడి రోజుకు మూడుసార్లు మేత వేశాడు. రెండు నెలలలో రాళ్ళమీద పచ్చని నాచు జుట్టులా పెరిగింది. నాచు పగడాల మీద నీడ కప్పింది. పరీక్షించగా నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.30 మిల్లీగ్రాములు ఉన్నాయి. అతడు భయపడి, ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలను ఒక్కసారిగా ఎక్కువగా వేశాడు. వారం తిరిగేసరికి ఫాస్ఫేట్ సున్న అయింది. నైట్రేట్ మాత్రం తగ్గలేదు. నాచు తగ్గినందుకు అతడు సంతోషించాడు. కాని కొద్ది దినాలలో పగడాల కొమ్మలు వెలవెలపోయాయి. నీరు అద్దంలా తేటగా ఉన్నది. దీపాలు వెలుగుతున్నాయి. వేడి సరిగానే ఉన్నది. అయినా పగడాలు తెల్లబడుతున్నాయి. ఎందువల్ల?

ఇంగ్లాండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యార్గ్ వీడెన్‌మన్, ఆయన సహచరులు ప్రయోగశాల తొట్లలో పగడాలను పెంచి ఈ ప్రశ్నను పరిశోధించారు. 2013లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, నైట్రేట్ ఎక్కువగా ఉన్నప్పుడు శైవలాలు త్వరత్వరగా పెరుగుతాయి. పెరిగే కొద్దీ వాటికి భాస్వరం కావలసి వస్తుంది. నీటిలో భాస్వరం లేకపోతే కణాల పొరలు సరిగా ఏర్పడవు. భాస్వరమున్న కొవ్వు ఉండవలసిన చోట గంధకమున్న కొవ్వు చేరుతుంది. అటువంటి శైవలం వేడికి, వెలుతురుకు తట్టుకోలేదు. మామూలుగా ఓర్చుకొనే వేడికే పగడం తెల్లబడుతుంది. 2017లో వెలువడిన మరొక పరిశోధనలో, రెండూ సమృద్ధిగా ఉన్న తొట్టిలోని పగడాల కంటే, నైట్రేట్ ఎక్కువై ఫాస్ఫేట్ తక్కువైన తొట్టిలోని పగడాలే హెచ్చు హాని పొందినట్లు తేలింది.

ఈ విషయం నేతపనివారికి సులభంగా అర్థమవుతుంది. బట్టకు పడుగు, పేక రెండూ కావాలి. నూలు బీరువా నిండా ఉన్నా, పడుగు దండిగా ఉండి పేక చాలకపోతే బట్ట నిలవదు. నత్రజని పడుగు వంటిది, భాస్వరం పేక వంటిది. 1934లో ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు సముద్రపు నీటిని, ప్లవకాలను పరీక్షించి, వాటిలో నత్రజనికి, భాస్వరానికి ఒక నిలకడైన నిష్పత్తి ఉన్నదని గుర్తించాడు. ఆ నిష్పత్తి సుమారు 16 నత్రజని పరమాణువులకు 1 భాస్వర పరమాణువు.

అందుచేత అనుభవమున్న పెంపకందారులు సున్నను కోరరు. చాలామంది నైట్రేట్‌ను లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య, ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.10 మిల్లీగ్రాముల మధ్య నిలుపుతారు. ప్రతి వారం పరీక్షించి పుస్తకంలో వ్రాసుకొంటారు. ఏ మార్పునైనా మెల్లగా చేస్తారు. ఒకటి తగ్గించేటప్పుడు రెండవది ఏమవుతున్నదో చూస్తారు. సున్న కంటె, ఎక్కువ కంటె, నిలకడ మేలు అన్నది వారి అనుభవసారం.

సముద్రమే పెద్ద తొట్టి

తొట్టిలో జరిగినదే సముద్రంలోను జరుగుతుంది. హవాయి దీవులలోని ఒవాహులో కనేయొహే అనే అఖాతం ఉన్నది. అక్కడ చాలా సంవత్సరాలు పట్టణపు మురుగునీటిని అఖాతంలోకి వదిలారు. పోషకాలు పెరిగి, పచ్చని బుడగల వంటి నాచు పగడాలను కప్పివేసింది. 1977, 1978 సంవత్సరాలలో ఆ మురుగునీటిని అఖాతం నుంచి లోతైన సముద్రానికి మళ్ళించారు. తరువాతి సంవత్సరాలలో నాచు తగ్గి, పగడాలు కోలుకొన్నాయి. జమ తగ్గితే లెక్క సరిపడుతుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

నాచును మేసే జీవులు కూడా లెక్కలో భాగమే. తొట్టిలో నత్తలు చేసే పనిని సముద్రంలో చేపలు, ముళ్ళబంతి వంటి సీ అర్చిన్‌లు చేస్తాయి. 1983, 1984 సంవత్సరాలలో కరీబియన్ సముద్రంలో ఒక జాతి సీ అర్చిన్‌లు తెగులు వచ్చి దాదాపు తుడిచిపెట్టుకొని పోయాయి. మేసేవారు లేక అక్కడి పగడపు దిబ్బలు చాలా చోట్ల నాచుదిబ్బలయ్యాయి.

ఇక మన తీరం సంగతి. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడికి, రామేశ్వరానికి మధ్య 21 దీవులుండేవి. వాటిని, చుట్టూ ఉన్న సముద్రాన్ని 1986లో సముద్ర జాతీయోద్యానంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 560 చదరపు కిలోమీటర్లు. 1989లో 10,500 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అంతకుముందు సున్నం కోసం పగడాలను విచ్చలవిడిగా తవ్వి తీసేవారు. అలల దెబ్బను ఆపే దిబ్బలు పోవడంతో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు నీట మునిగాయి.

1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబడ్డాయి. 2019 సెప్టెంబరులో వేరొక ఆపద వచ్చింది. మండపం ప్రాంతపు దీవుల దగ్గర నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి కోట్ల కొలదిగా పెరిగి నీటిని ఆకుపచ్చగా మార్చింది. పోషకాలు, వాటిని తిని పెరిగే ప్లవకాలు హెచ్చుగా ఉన్న నీటిలో ఇటువంటివి విజృంభిస్తాయి. అవి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోతుంది. ఆ సమయంలో ప్రాణవాయువు లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తక్కువకు పడిపోయింది. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొని వచ్చాయి. త్వరగా పెరిగే కొమ్మల పగడాలు ఎక్కువగా నశించాయి. సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవారు నీటిలో మునిగి చూసి ఈ నష్టాన్ని లెక్కకట్టారు. తూత్తుకుడిలోని ఈ సంస్థ 2002 నుంచి సిమెంటు చట్రాలమీద పగడపు కొమ్మలను నాటి పెంచుతున్నది.

ఇక్కడ ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టే పగడాలను చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉన్నది. మన సముద్రం నుంచి పగడాన్ని తుంచి తేవడం, అమ్మడం, కొనడం నేరం. విహారయాత్రకు రామేశ్వరం వెళ్ళినప్పుడు ఎవరైనా పగడపు ముక్క అమ్మజూపినా తీసుకోరాదు. పగడాల తొట్టి విద్య మనకు ఉపయోగపడేది పగడాలను ఇంటికి తెచ్చుకోవడానికి కాదు. వాటిని ఉన్నచోటనే బ్రతకనివ్వడానికి.

నీరు పల్లమెరుగు

సముద్రానికి ఇంత దూరాన ఉన్న సత్రపట్టికి, పగడానికి ఏమి సంబంధం? "నీరు పల్లమెరుగు" అని సామెత. పడమటి కనుమలలో పడిన వాన వాగులై, చెరువులై, వైప్పారు నదిలో కలుస్తుంది. రాజపాళయం ప్రాంతం ఆ నదీ పరివాహక ప్రాంతంలోనిదే. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగా కనిపించే వైప్పారు, ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసినప్పుడు పారి, తూత్తుకుడికి ఉత్తరాన మన్నార్ సింధుశాఖలో కలుస్తుంది. పొలంలో పైరు తీసుకోగా మిగిలిన యూరియా, వీధికాలువలో కలసిన మురుగు, సబ్బునీరు – ఇవన్నీ ఆ వానతోపాటు ప్రయాణం కడతాయి. దారిలో చెరువులో గుర్రపుడెక్క దట్టంగా అల్లుకొన్నదంటే, ఆ నీటిలో పోషకాలు మితిమీరాయని అర్థం. చెరువు చెప్పే మాటనే సముద్రంలో పగడం చెబుతుంది.

యూరియాలో నత్రజని ఉన్నది, భాస్వరం లేదు. అటువంటి నీరు సముద్రానికి చేరితే పోషకాలు పెరగడమే కాదు, వాటి జోడు కూడా తప్పుతుంది. సముద్రపు వేడిని ఒక ఊరు తగ్గించలేదు. కాని తన నీటిలో ఏమి కలుస్తున్నదో ఒక ఊరు చూసుకోగలదు. నేలను పరీక్షించి, పైరుకు కావలసినంత ఎరువే వేయడం, మురుగును శుద్ధి చేయకుండా వాగులోకి వదలకపోవడం, చెరువులను పూడ్చకుండా కాపాడడం – ఇవి ఊరివారి చేతిలోని పనులు. పోషకాల తూకం తప్పని నీటిలో పగడం వేడిని కొంత ఎక్కువగా ఓర్చుకొంటుంది. వేడి సంవత్సరం గడచిన తరువాత త్వరగా కోలుకొంటుంది. ఆ కొంత ఓర్పే కొన్నిసార్లు చావుబ్రతుకుల మధ్య ఉన్న తేడా.

సత్రపట్టిలో నేసిన తెల్లని బట్ట ఎక్కడో ఉన్న రోగి గాయాన్ని కప్పుతుంది. నేసినవారు ఆ రోగిని చూడరు. అయినా నేత సరిగా ఉండాలని శ్రద్ధ వహిస్తారు. కనబడని పగడం విషయంలోను ఆ శ్రద్ధే కావాలి.

కఠిన పదాలకు అర్థాలు

ప్రవాళ భిత్తిక = పగడపు దిబ్బ
శైవలం = నాచు జాతికి చెందిన జీవి
ప్లవకాలు = నీటిలో తేలుతూ జీవించే చిన్న ప్రాణులు
సహజీవనం = ఒకదానికొకటి తోడ్పడుతూ కలిసి బ్రతకడం
చలువ చేయు = బట్టను ఉతికి తెల్లబరచు
పరివాహక ప్రాంతం = పడిన వాననీరు ఒక నదికి చేరే ప్రాంతం
విజృంభించు = మితిమీరి వ్యాపించు
వ్యాసంగం = ఇష్టంతో చేసే పని

అభ్యాసం

I. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయుము.
1. పగడం జంతువని 18వ శతాబ్దంలో చెప్పినవారు ఎవరు?
2. పగడానికి రంగు ఎందువల్ల వస్తుంది?
3. నత్రజని తొట్టినుంచి బయటికి పోయినట్లు భాస్వరం ఎందుకు పోలేదు?
4. మన్నార్ సింధుశాఖలో నీట మునిగిన దీవులు ఏవి? అవి మునగడానికి కారణమేమి?
5. పగడాలకు చట్టం ఏ రక్షణ కల్పించింది?

II. ఐదారు వాక్యాలలో జవాబులు వ్రాయుము.
1. బట్ట తెలుపుకు, పగడపు తెలుపుకు గల భేదాన్ని వివరింపుము.
2. పాలిప్, శైవలం ఒకదానికొకటి ఎట్లా తోడ్పడుతున్నాయి?
3. తొట్టి యజమాని చేసిన పొరపాట్లు ఏవి? నీవు అతని స్థానంలో ఉంటే ఏమి చేసేవాడవు లేక చేసేదానవు?
4. సముద్రానికి దూరాన ఉన్న ఊరు పగడాలకు ఎట్లా మేలు చేయగలదు?

III. లెక్క వేయుము.
ఒక తొట్టిలో లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్నది. నాలుగవ వంతు నీటిని తీసి నైట్రేట్ లేని నీరు పోస్తే ఎంత మిగులుతుంది? అదే పనిని మరొకసారి చేస్తే ఎంత మిగులుతుంది?

IV. భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు వ్రాయుము: సూర్యోదయం, జాతీయోద్యానం, జీవావరణం.
2. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలుపుము: జమాఖర్చులు, గాజుతొట్టి, చావుబ్రతుకులు.
3. సొంత వాక్యాలలో ప్రయోగింపుము: వెలవెలపోవు, విచ్చలవిడిగా, తికమకపెట్టు.
4. పాఠంలోని రెండు సామెతలను గుర్తించి, ఒక్కొక్కటి ఏ సందర్భంలో వాడతారో వ్రాయుము.

V. చేసి చూడుము
రెండు గాజుసీసాలలో ఒకే చెరువు నీటిని సమంగా పోయుము. ఒకదానిలో రెండు మూడు యూరియా పలుకులు వేయుము. రెండవదానిలో ఏమీ వేయవద్దు. రెండింటినీ మూత వదులుగా పెట్టి, వెలుతురు సోకే కిటికీ దగ్గర మూడు వారాలు ఉంచుము. నీటి రంగులో, నాచులో కలిగిన మార్పులను వారానికి రెండుసార్లు పుస్తకంలో వ్రాసి, తరగతిలో చదివి వినిపింపుము. సీసాలను ముట్టిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనుము.